సిరకు బయటి ఊతం
(రెనె ఫవలోరో స్మృత్యర్థం చేసిన స్మారకోపన్యాస పాఠం)

గుండె బైపాస్ శస్త్రచికిత్సలో కాలి సిరకు అప్పగించే బాధ్యత ప్రకృతి దానికి నిర్దేశించినది కాదు. పాదం నుంచి తొడ దాకా చర్మం కింద సాగే సఫీనస్ సిర, వాడిన రక్తాన్ని స్వల్పమైన పీడనంతో నెమ్మదిగా గుండెవైపు చేరవేసే గొట్టం. దాన్ని కోసి తీసి, ఒక కొనను బృహద్ధమనికి, రెండో కొనను గుండె కండరానికి రక్తమందించే హృదయ ధమనికి కుట్టిన మరుక్షణం నుంచి అది ప్రతి గుండె చప్పుడుకూ ధమనీ పీడనాన్ని భరిస్తూ ధమనిలా ప్రవర్తించవలసి వస్తుంది. ఆ భారం కింద కాలక్రమంలో సిర గోడ మందమై, లోపలి దారి ఇరుకై, కొన్నిసార్లు పూర్తిగా మూసుకుపోవడం బైపాస్ శస్త్రచికిత్సను అర్ధశతాబ్దికి పైగా వెంటాడుతున్న సమస్య. సిర చుట్టూ బయటి నుంచి ఒక జాలీ తొడుగు వేసి ఊతమిస్తే ఈ క్షీణత ఆగుతుందా అన్నదే ఈ ఉపన్యాసానికి విషయం. దీన్ని ఫవలోరో స్మృతికి అంకితం చేయడంలో ఔచిత్యం ఉంది, ఎందుకంటే కాలి సిరను ఈ పనికి నిలకడగా నియమించినవాడు ఆయనే.

అర్జెంటీనాలోని లా ప్లాతా నగరంలో 1923లో జన్మించిన ఫవలోరో, లా పంపా ప్రాంతంలోని హసింతో అరావుస్ అనే చిన్న ఊళ్లో పన్నెండేళ్లు పల్లె వైద్యుడిగా పనిచేసి, 1962లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌కు చేరాడు. అక్కడ మేసన్ సోన్స్ 1958లోనే హృదయ ధమనుల్లోకి నేరుగా రంగుద్రవం పంపి ఎక్స్‌రే చిత్రాలు తీసే పద్ధతిని, అంటే నేటి యాంజియోగ్రామ్‌ను, కనుగొని ఉన్నందున, ఏ ధమని ఎక్కడ ఎంత మూసుకుపోయిందో శస్త్రవైద్యుడు కత్తి పట్టకముందే చూడగలిగే వీలు అక్కడే ముందుగా ఏర్పడింది. 1967 మేలో ఫవలోరో మూసుకుపోయిన హృదయ ధమని భాగాన్ని తొలగించి ఆ స్థానంలో సిర ముక్కను కుట్టాడు. కొద్దికాలంలోనే ఆ పద్ధతిని విడిచి, సిరను బృహద్ధమని నుంచి అడ్డంకికి అవతలి భాగానికి నేరుగా కలిపే పద్ధతికి మళ్లాడు. ఇలాంటి ప్రయత్నాలు అంతకుముందు లేవని కాదు. అలెక్సిస్ కారెల్ 1910 నాటికే కుక్కల్లో బృహద్ధమని నుంచి హృదయ ధమనికి రక్తనాళాన్ని కలిపి చూశాడు. లెనిన్‌గ్రాద్‌లో వసీలీ కొలెసోవ్ 1964లో రొమ్ము లోపలి ధమనిని హృదయ ధమనికి కుట్టాడు. అమెరికాలో డేవిడ్ సబిస్టన్, మైకేల్ డిబేకీ బృందం విడివిడిగా సిరను వాడిన సందర్భాలున్నాయి. ఫవలోరో ప్రత్యేకత ఒక్క శస్త్రచికిత్సతో ఆగకపోవడంలో, వరసగా రోగులకు చేసి, యాంజియోగ్రామ్‌తో ఫలితాన్ని పరీక్షించి, ఇతరులు అనుసరించగల రూపంలో ప్రచురించడంలో ఉంది. 1971లో స్వదేశానికి తిరిగి వెళ్లిన ఆయన 2000 జూలైలో మరణించేనాటికి, ఆయన ప్రచారం చేసిన శస్త్రచికిత్స ప్రపంచంలో అత్యధికంగా జరిగే గుండె ఆపరేషన్లలో ఒకటైంది. భారతదేశంలో 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ తొలి బైపాస్‌ను విజయవంతంగా చేశారు.

సిర ఎందుకు దెబ్బతింటుందో తెలియాలంటే దాని గోడ నిర్మాణం తెలియాలి. రక్తనాళాలన్నిటికీ మూడు పొరలుంటాయి. రక్తాన్ని తాకే లోపొర మీద ఒక్క వరుసగా పరుచుకున్న అంతఃస్తర కణాలు రక్తం గడ్డకట్టకుండా కాపాడతాయి. నడిపొరలోని నునుపు కండర కణాలు నాళాన్ని బిగించి వదులు చేస్తాయి. వెలిపొరలోని పీచు, కొవ్వు, సన్నని పోషక రక్తనాళాలు గోడకు ఆహారాన్ని, ప్రాణవాయువును అందిస్తాయి. ధమనిలో నడిపొర దట్టంగా, సాగే పీచుతో నిండి ఉంటుంది. సిరలో అది పలచన. కాలి సిరలో మనిషి పడుకున్నప్పుడు పీడనం కొద్ది మిల్లీమీటర్ల పాదరసానికి మించదు, ధమనిలో ప్రతి గుండె చప్పుడుకూ 120 దాకా ఎగసి దాదాపు 80కి దిగుతుంది. సిరలోని కవాటాలు రక్తాన్ని ఒక్క దిశలోనే పోనిస్తాయి కాబట్టి శస్త్రవైద్యుడు దాన్ని తలకిందులు చేసి కుడతాడు. ఆ చిక్కు అంతటితో తీరిపోతుంది. పీడనం చిక్కు అలా తీరేది కాదు.

ఈ చిక్కు యాంత్రికమైనది. గొట్టం గోడ మీద పడే ఒత్తిడి లోపలి పీడనానికి, వ్యాసార్ధానికి అనులోమంగా, గోడ మందానికి విలోమంగా ఉంటుందన్నది 19వ శతాబ్దం నుంచి లాప్లాస్ పేరిట తెలిసిన సూత్రం. పీడనం ఒక్కసారిగా పది, పదిహేను రెట్లు పెరిగి, గోడ పలచగా ఉండి, నాళం ఉబ్బి వ్యాసం పెరిగితే, గోడలోని ప్రతి కణం మీదా పడే లాగుడు మూడు విధాలుగానూ పెరుగుతుంది. దానికి శరీరం ఇచ్చే జవాబు గోడను మందం చేయడం. అలా మందమైతేనే ఒత్తిడి మామూలు స్థాయికి దిగుతుంది. సిరను ధమని మార్గంలో కుట్టినప్పుడు దాని గోడ దళసరి అవుతుందని కారెల్, చార్ల్స్ గత్రీ 1906లోనే గమనించారు. అంటే ఈ మందం మొదట వ్యాధి కాదు, ఒక సర్దుబాటు. అది సరిపోయిన చోట ఆగకుండా లోపొరలోకి కండర కణాలు వలసపోయి, పెరిగి, పీచు పదార్థాన్ని స్రవించి, దారిని ఇరుకు చేసేదాకా సాగడమే వ్యాధి. వైద్యులు దీన్ని లోపొర అతివృద్ధి అంటారు.

ప్రవాహం వైపు నుంచీ ఒక కారణం ఉంది, అది పీడనం కన్నా తక్కువగా చర్చకు వస్తుంది. ప్రవహించే రక్తం గోడను రాసుకుంటూ పోయే బలం అంతఃస్తర కణాలను ఆరోగ్యంగా ఉంచుతుంది, ఆ రాపిడి తగ్గిన చోట కండర కణాల పెరుగుదల మొదలవుతుంది. ఒకే పరిమాణంలో రక్తం పారుతున్నప్పుడు గొట్టం వ్యాసం రెట్టింపైతే ఈ రాపిడి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. హృదయ ధమని లోపలి వ్యాసం చాలాచోట్ల 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు, దానికి కుట్టే సిర 4, 5 మిల్లీమీటర్లు. సిర పొడవునా వ్యాసం ఒకే తీరుగా ఉండదు. కవాటాల దగ్గర, కొమ్మలు కట్టేసిన దగ్గర ఉబ్బెత్తుగా ఉంటుంది, ఆ గుంతల్లో రక్తం సుడి తిరుగుతుంది.

గ్రాఫ్ట్, అంటే ఇలా కుట్టిన నాళం, దెబ్బతినే కాలాన్ని వైద్యశాస్త్రం మూడు దశలుగా గుర్తించింది. మొదటి నెలలో మూసుకుపోయేవాటికి ప్రధాన కారణం రక్తపు గడ్డ. సిరను తీసేటప్పుడు, కారుతున్నదో లేదో చూడడానికి సిరంజితో ఉబ్బించేటప్పుడు, కుట్టేదాకా ద్రావణంలో నిల్వ ఉంచేటప్పుడు లోపొర కణాలు రాలిపోవడం దానికి బాట వేస్తుంది. తరువాత ఏడాది దాకా లోపొర అతివృద్ధి సాగుతుంది. ఏడాది దాటాక ఆ దళసరి పొరలో కొవ్వు పేరుకుని, హృదయ ధమనుల్లో వచ్చేటటువంటి వ్యాధే గ్రాఫ్టులోనూ వస్తుంది, అయితే ఇక్కడ మరింత వేగంగా. కెనడాలో ఫిట్జ్‌గిబ్బన్ బృందం ఒకే వైద్యకేంద్రంలో 25 ఏళ్లపాటు 1,388 మంది రోగుల 5,065 గ్రాఫ్టులను యాంజియోగ్రామ్‌తో అనుసరించి 1996లో ప్రచురించిన లెక్క నేటికీ ఆధారంగా నిలుస్తున్నది: శస్త్రచికిత్స జరిగిన తొలి దినాల్లో 88 శాతం, ఏడాదికి 81 శాతం, అయిదేళ్లకు 75 శాతం, పదిహేనేళ్లు, ఆ పైన 50 శాతం సిర గ్రాఫ్టులు తెరిచి ఉన్నాయి. 2005లో వెలువడిన ప్రివెంట్-4 పరీక్ష మరింత నిర్దాక్షిణ్యమైన చిత్రాన్నిచ్చింది. అమెరికాలో 3,014 మంది మీద జరిగిన ఆ పరీక్షలో, కండర కణాల విభజనను ఆపడానికి తయారైన ఎడిఫోలిగైడ్ అనే ద్రావణంలో సిరను ముంచి కుట్టినా ఫలితం మారలేదు. మందు తగిలినవారిలోనూ తగలనివారిలోనూ ఏడాది నుంచి ఏడాదిన్నర లోపల దాదాపు 45 శాతం మందిలో కనీసం ఒక సిర గ్రాఫ్ట్ మూడొంతులకు మించి ఇరుకైంది, లేదా మూసుకుపోయింది. గోడలోని జీవక్రియను మందుతో అణచే దారి అక్కడ దెబ్బతిన్నది. యాంత్రిక దారి మీద ఆశ బలపడడానికి ఈ వైఫల్యమూ ఒక కారణం.

ఇంత అల్పాయుష్షు గొట్టాన్ని ఎందుకు వాడాలన్న ప్రశ్న సహజం. రొమ్ము ఎముక వెనక దిగే ధమని ఎంతో మేలైనది: దాని లోపొర వ్యాధికి అంత తేలిగ్గా లొంగదు, గుండె ముందు భాగపు ప్రధాన ధమనికి దాన్ని కుట్టినవారు ఎక్కువ కాలం బతుకుతారని క్లీవ్‌లాండ్ నుంచే 1986లో తేలింది. కానీ అవి రెండే ఉన్నాయి, పొడవు పరిమితం. మధుమేహం ఉన్నవారిలో రెండింటినీ తీస్తే రొమ్ము ఎముక గాయం మానడం కష్టమవుతుంది. ముంజేతి రేడియల్ ధమని చక్కని ప్రత్యామ్నాయమే, ప్రధాన ధమని తక్కువగా మూసుకుపోయి ఉన్నచోట మాత్రం అది ముడుచుకుపోతుంది. సిర పొడవుగా, సులభంగా, సమృద్ధిగా దొరుకుతుంది. మూడు, నాలుగు దారులు వేయవలసిన రోగికి ఒక ధమని, మిగతావి సిరలు అన్నదే ప్రపంచంలో అత్యధిక శస్త్రచికిత్సశాలల్లో నేటి ఆచారం. కాబట్టి సిరను వదిలించుకోవడం కాదు, దాని ఆయుష్షు పెంచడం పని.

సిర చుట్టూ వేసే తొడుగును బయటి స్టెంటు అంటారు. ఆ పేరు వినగానే పాఠకుల్లో చాలామందికి యాంజియోప్లాస్టీలో ధమని లోపల పెట్టే లోహపు స్టెంటు గుర్తుకు రావచ్చు. ఇది అది కాదు. లోపలి స్టెంటు మూసుకుపోయిన దారిని లోపలి నుంచి నెట్టి తెరుస్తుంది, బయటి స్టెంటు ఆరోగ్యమైన సిరను బయటి నుంచి పట్టి ఉబ్బకుండా ఆపుతుంది. సైకిలు ట్యూబుకు టైరు చేసే పని ఇది చేయాలి: గాలి భారం ట్యూబు ఒక్కటే మోస్తే ఉబ్బి పగులుతుంది, టైరు మోస్తే ట్యూబు గాలిని నిలిపితే చాలు. ఈ ఊహ ఫవలోరో శస్త్రచికిత్స కన్నా పాతది. అమెరికాలోని న్యూజెర్సీకి చెందిన విక్టర్ పార్సొనెట్ బృందం ధమని మార్గంలో కుట్టిన సిరలకు అల్లిక తొడుగు వేసిన ప్రయోగాన్ని 1963లోనే ప్రచురించింది. గుండె శస్త్రవైద్యం ఆ ఆలోచనను ముప్పై ఏళ్లపాటు పక్కన పెట్టింది.

దాన్ని తిరిగి పట్టుకున్నది ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ బృందం. 1990లలో జానీ ఆంజెలీనీ, జేమీ జెరెమీ, సారా జార్జ్, వారి సహచరులు పందుల మెడ ధమనిలో సిరను కుట్టి, దాని చుట్టూ డేక్రాన్ అనే పాలియెస్టర్ దారంతో అల్లిన, రంధ్రాలున్న తొడుగు వేశారు. ఇక్కడొక ఆశ్చర్యకరమైన విషయం బయటపడింది. యాంత్రిక తర్కం ప్రకారం తొడుగు సిరను ఎంత దగ్గరగా పట్టుకుంటే అంత మేలు కావాలి. కానీ పందుల్లో వదులు తొడుగే, అంటే సిరకు తొడుగుకు మధ్య ఖాళీ మిగిలేటంత పెద్దదే, బిగువు తొడుగు కన్నా మెరుగ్గా పనిచేసింది. ఆ ఖాళీలోకి కొత్త కణజాలం, సన్నని పోషక నాళాలు పెరిగి సిర గోడకు ప్రాణవాయువు అందించాయని, కండర కణాలను లోపలికి కాక బయటికి ఆకర్షించాయని బృందం వివరించింది. 1998లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన వారి పత్రం ప్రకారం గోడ మందంతో పాటు కండర కణాల పెరుగుదలను రేపే ఒక ప్రేరక ప్రోటీన్ కూడా తగ్గింది. ఇది పూర్తి యాంత్రిక ఫలితం కాదు, పూర్తి జీవశాస్త్ర ఫలితమూ కాదు; రెంటికీ మధ్య ఎక్కడో ఉంది. ఆ అస్పష్టతను అప్పట్లో చాలినంత పట్టించుకోలేదనిపిస్తుంది.

మనిషిలో తొలి పరీక్ష ఆ లోటును చూపింది. బ్రిస్టల్ బృందమే 2007లో ప్రచురించిన ఎక్స్‌టెంట్ అనే చిన్న పరీక్షలో డేక్రాన్ తొడుగు వేసిన సిరలు ఆరు నెలల్లోగా గడ్డకట్టి మూసుకుపోయాయి. పందుల్లో ఏళ్ల తరబడి పోగైన ఫలితాలు మనుషుల్లో నెలల్లో తలకిందులయ్యాయి. ఆ ఫలితాన్ని దాచకుండా ప్రచురించడం ఆ బృందానికి గౌరవం తెచ్చే విషయం. మెత్తని గుడ్డ తొడుగు సిరతో పాటు మడతపడి నొక్కిందని, పంది మెడలో సూటిగా కుట్టిన పెద్ద సిరకు, కొట్టుకుంటున్న గుండె మీద వంపు తిరిగి సన్నని ధమనిలోకి పక్కగా చేరే సిరకు మధ్య తేడా విస్మరించరానిదని ఆ వైఫల్యం నేర్పింది.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో పీటర్ జిల్లా బృందం అదే సమయంలో సరిగ్గా ఎదురు దారి పట్టింది. బబూన్ కోతుల్లో సిరను నిటినాల్ అనే నికెల్-టైటానియం మిశ్రమ లోహపు సన్నని తీగల వలలో బిగించి, దాని వ్యాసాన్ని ఉద్దేశపూర్వకంగా ధమని వ్యాసానికి దగ్గరగా కుదించినప్పుడు లోపొర అతివృద్ధి దాదాపు లేకుండా పోయింది. వ్యాసం తగ్గితే గోడ ఒత్తిడి తగ్గుతుంది, ప్రవాహ రాపిడి పెరుగుతుంది, కాబట్టి సూత్రం పరంగా ఇది బ్రిస్టల్ వదులు తొడుగు కన్నా పొందికైనది. ఆ సూత్రం మీద అమెరికాలోని కిప్స్ బే అనే సంస్థ తయారుచేసిన నిటినాల్ వల మనుషుల్లో పరీక్షకు వచ్చినప్పుడు, తొమ్మిది నెలలకు వల వేసిన సిరల్లో దాదాపు సగమే తెరిచి ఉన్నాయి, వల వేయనివాటిలో నాలుగింట మూడు వంతులకు పైగా తెరిచి ఉన్నాయి. సిరను బిగించినప్పుడు పొడవునా లోపలి గోడ ముడతలు పడవచ్చు, ఆ ముడతల్లో రక్తం నిలవవచ్చు. జంతువులో అవి సర్దుకున్నా, పొగ, మధుమేహం, వయస్సు తాకిన మనిషి సిరలో సర్దుకోకపోవచ్చు.

ఈ రెండు అంచుల మధ్య నిలిచేందుకు వచ్చినది ఇజ్రాయెల్‌లోని వ్యాస్క్యులర్ గ్రాఫ్ట్ సొల్యూషన్స్ తయారుచేసిన వెస్ట్ అనే తొడుగు. కోబాల్ట్-క్రోమియం తీగలను జడలా అల్లి చేసిన ఈ గొట్టం చుట్టుకొలత దిశలో సాగుతుంది, పొడవు దిశలో లాగితే లాగినచోట నిలుస్తుంది, మడతపడదు. శస్త్రవైద్యుడు సిర మందాన్ని, పొడవును కొలిచి తగిన పరిమాణాన్ని ఎంచుకుని, సిర ఒక కొనను కుట్టాక తొడుగును దాని మీదికి జార్చి, రెండో కొన కుట్టాక పొడవునా పరుస్తాడు. ఇది సిరను కుదించదు. ఉబ్బనివ్వదు, వంపులో ముడత పడనివ్వదు, ఉబ్బెత్తులను సమం చేస్తుంది. లక్ష్యం గోడను బిగించడం కన్నా లోపలి దారిని పొడవునా ఒకే తీరుగా ఉంచడం. మొదట గొర్రెల్లో, తరువాత ఆక్స్‌ఫర్డ్ శస్త్రవైద్యుడు డేవిడ్ టాగర్ట్ నాయకత్వంలో మనుషుల్లో పరీక్షలు జరిగాయి. రొమ్ము ధమనులు రెండూ వాడడాన్ని 3,102 మంది మీద పదేళ్లు పరీక్షించిన వ్యక్తి, ధమనుల వాడకానికి ప్రముఖ సమర్థకుడు, సిరకు ఊతమిచ్చే పనికీ పూనుకోవడం విశేషమే. సిర ఇప్పట్లో పోదని ఆయనకూ తెలుసు.

2015లో వెలువడిన తొలి వెస్ట్ పరీక్షలో 30 మంది రోగులున్నారు. ప్రతి రోగిలో ఒక సిరకు తొడుగు వేసి, మరొక సిరను వదిలి, ఒకే శరీరంలో రెండింటినీ పోల్చే చక్కని పద్ధతిని వారు ఎంచుకున్నారు. ఏడాదికి సిర లోపలికి సన్నని అల్ట్రాసౌండ్ గొట్టం పంపి కొలిచినప్పుడు, తొడుగు వేసిన సిరల లోపొర అతివృద్ధి విస్తీర్ణం సగటున 4.37 చదరపు మిల్లీమీటర్లు, వేయనివాటిలో 5.12. ఇది నిజమైన తేడా, కానీ మొత్తం మూసుకుపోయినవాటి సంఖ్యలో తేడా లేదు. గుండె కుడివైపుకు వెళ్లిన తొడుగు సిరలు మాత్రం ఎక్కువగా విఫలమయ్యాయి. పరిశీలించగా రెండు కారణాలు కనిపించాయి. ఒకటి, తొడుగు కొనలను అతుకు దగ్గర కుట్టి బిగించడం. రెండు, సిర కొమ్మలను దారంతో ముడివేయకుండా లోహపు క్లిప్పులతో మూయడం, ఆ క్లిప్పులు తొడుగుకు సిరకు నడుమ చిక్కి గోడను నొక్కడం. తరువాతి పరీక్షల్లో ఈ రెండింటినీ వదిలేశాక కుడివైపు వైఫల్యం తగ్గింది. ఒక పరికరం విలువ దాన్ని ఎలా వాడారన్న దాని మీద ఎంత ఆధారపడుతుందో తెలిపే ఇంత స్పష్టమైన ఉదాహరణ గుండె శస్త్రవైద్యంలో అరుదు.

ఐరోపాలోని 14 కేంద్రాల్లో 184 మంది మీద రెండేళ్లపాటు జరిగిన మూడో వెస్ట్ పరీక్ష, తొడుగు వేసిన సిరల్లో లోపొర మందం స్పష్టంగా తగ్గిందని, లోపలి దారి మరింత సమంగా నిలిచిందని చూపింది. తరువాత అమెరికా, కెనడా కేంద్రాలు చేసిన పరీక్ష ఫలితం 2022లో వచ్చింది. ఇందులో 17 కేంద్రాలు, 224 మంది. ఏడాదికి అతివృద్ధి విస్తీర్ణం తొడుగు సిరల్లో 5.11, వేయనివాటిలో 5.79 చదరపు మిల్లీమీటర్లు. తేడా అదే దిశలోనే ఉన్నా అది యాదృచ్ఛికం కాదని చెప్పడానికి గణాంకపరంగా చాలలేదు. అంతకన్నా గమనించవలసినది ఇంకొకటి ఉంది: పరీక్షించదగిన ప్రతి అయిదుగురిలో దాదాపు ఇద్దరిలో ఏడాదిలోపే కనీసం ఒక అధ్యయన గ్రాఫ్ట్ మూసుకుపోయింది లేదా తీవ్రంగా దెబ్బతిన్నది, అవి తొడుగు ఉన్నవైపూ లేనివైపూ దాదాపు సమంగా ఉన్నాయి.

ఈ పరీక్షల కొలమానం గురించి ఒక ఆక్షేపణ చేయక తప్పదు. లోపొర మందాన్ని కొలిచే అల్ట్రాసౌండ్ గొట్టం తెరిచి ఉన్న సిరలోకే దూరుతుంది. మూసుకుపోయిన సిరను అది కొలవలేదు, దాని విలువను అంచనాతో పూరించడం తప్ప మరో మార్గం లేదు. అంటే అత్యంత దయనీయంగా విఫలమైన గ్రాఫ్టులే కొలతలో అత్యంత బలహీనంగా నమోదవుతాయి. రోగికి కావలసినది సిర గోడ మందం కాస్త తగ్గడం కాదు, సిర తెరిచి ఉండడం, గుండెపోటు రాకపోవడం, రెండోసారి రొమ్ము తెరవవలసిన అవసరం రాకపోవడం. లోపొర మందం తగ్గితే భవిష్యత్తులో కొవ్వు పేరుకోవడం తగ్గుతుందన్నది నమ్మదగిన తర్కమే, కానీ తర్కానికి సాక్ష్యానికి మధ్య దూరాన్ని ఈ రంగంలోనే పందులు, బబూన్లు రెండుసార్లు చూపించాయి.

ఇంకొక పక్క నుంచి వచ్చిన పోటీని చూడకుండా ఈ చర్చ ముగియదు. స్వీడన్‌లోని ఓరెబ్రోలో డొమింగోస్ సౌజా 1990లలో సిరను దాని చుట్టూ ఉన్న కొవ్వు పొరతో సహా తీసి, సిరంజితో ఉబ్బించకుండా కుట్టే పద్ధతిని ప్రవేశపెట్టాడు. దీన్ని తాకకుండా తీసే పద్ధతి అంటారు. మామూలు పద్ధతిలో శస్త్రవైద్యుడు ఆ కొవ్వును గీకి తీసేస్తాడు, దాంతో వెలిపొరలోని పోషక నాళాలూ తెగిపోతాయి. కొవ్వును ఉంచితే అది సిరకు మెత్తని ఊతమై, ఉబ్బకుండా ఆపి, గోడకు రక్తమందిస్తుంది. బ్రిస్టల్ బృందం వదులు తొడుగులో కోరుకున్నవన్నీ ఇందులో ఉన్నాయి, అదనపు ఖర్చు లేకుండా. ఓరెబ్రో రోగుల్లో 16 ఏళ్లకు తాకకుండా తీసిన సిరల్లో 83 శాతం తెరిచి ఉండగా మామూలువాటిలో 64 శాతమే ఉన్నాయి. చైనాలో 2,655 మంది మీద జరిగి 2021లో వెలువడిన పరీక్షలో ఏడాదికి మూసుకుపోయిన సిరలు 3.7 శాతం, మామూలు పద్ధతిలో 6.5 శాతం. అయితే స్వీడన్, డెన్మార్క్‌లలో సుమారు 900 మంది మీద జరిగిన తరువాతి పరీక్షలో స్పష్టమైన మేలు తేలలేదు, కాలి గాయం చిక్కులు మాత్రం పెరిగాయి. కాబట్టి ఇదీ తీర్పు కాదు, కానీ బయటి స్టెంటుతో పోల్చితే ఇక్కడ మూసుకుపోవడం అనే అసలు ఫలితం మీదే సాక్ష్యం ఉంది. ఈ రెంటినీ ఎదురెదురుగా పోల్చే పెద్ద పరీక్ష జరగడం అవసరం.

తెలుగు రాష్ట్రాలకు ఈ విషయంతో సంబంధం దూరమైనది కాదు. మధుమేహం ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో హృదయ ధమనులు చాలాచోట్ల ఒకేసారి దెబ్బతిని, మూడు నాలుగు దారులు వేయవలసిన రోగులు తరచూ కనిపిస్తారు, వారికి సిరలు తప్పవు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం బైపాస్‌ను పేద కుటుంబాలకు అందుబాటులోకి తెచ్చింది. ఆ రోగి ఇల్లు చేరిన తరువాత సిర తెరిచి ఉంచేవి ఆస్పిరిన్, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్, చక్కెర అదుపు, పొగ మానడం. స్టాటిన్‌తో కొలెస్టరాల్‌ను గట్టిగా తగ్గిస్తే సిర గ్రాఫ్టుల క్షీణత నెమ్మదిస్తుందని 1997 నాటి పెద్ద పరీక్షే చూపింది. నెలకు కొద్ది రూపాయల మందు చేయగల పని ఖరీదైన లోహపు తొడుగు చేయగలదని ఇంకా రుజువు కాలేదు.

అందుచేత బయటి స్టెంటు స్థానం నేడు పరిశోధనలోనే ఉంది, నిత్య శస్త్రచికిత్సలో కాదు. దాని వెనకున్న యాంత్రిక ఆలోచన తప్పని ఎవరూ చూపలేదు, గోడ మందం కొంత తగ్గుతుందన్నదీ కొట్టివేయదగినది కాదు. కానీ రోగికి మేలు జరిగిందని చెప్పే ఫలితం లేనంతకాలం దాన్ని రోగి చేత కొనిపించడం సమర్థనీయం కాదు. ఈ ప్రాంతపు గుండె శస్త్రవైద్యులకు ఒక విజ్ఞప్తి: తమ చేతిలో కుట్టిన సిరలను అయిదేళ్లకు, పదేళ్లకు సి.టి. యాంజియోగ్రామ్‌తో చూసి, తెరిచి ఉన్నవాటిని, మూసుకుపోయినవాటిని, సిరను తీసిన పద్ధతిని, నిల్వ ఉంచిన ద్రావణాన్ని నమోదు చేసి ప్రచురించాలి. ఫవలోరో 1968లో చేసినది అదే.